స్పష్టత వచ్చేదాకా

పెట్టె మళ్లీ ఇంట్లోకి వచ్చింది.

చిట్టి అన్నయ్య దాన్ని తీసుకెళ్లి కారు డిక్కీలో పెట్టి ఇటు తిరిగాడో లేదో, ఆమె మొగుడు ఫిట్టర్ వెళ్లి దించుకొచ్చేశాడు. దాన్ని మంచం కిందికి తోసి, ఆ మంచం మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇక పెట్టె కావాలంటే ముందు ఆయన్ని లేపాలి. ఆయన్ని లేపడం ఎవరి తరమూ కాదని చిట్టికి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది.

చిట్టి కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఊపిరి తీసుకుంటోంది. ఈమధ్య ఊపిరి తీసుకోవడం కూడా ఒక పనైపోయింది. మిగతావన్నీ పక్కన పెట్టి ఆ ఒక్క పనే శ్రద్ధగా చేసుకోవాలి. గుండెలో వాల్వు పాడైందని, వెంటనే మార్చాలని, ఇంకా నాన్చితే తన పూచీ లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆపరేషనుకి పిలుపు కూడా వచ్చింది, దేశమంతటికీ ఒకే వైద్య బీమా అంటూ వచ్చిన కొత్త చట్టం కింద. తీరా సంచీ సర్దుకుని ఆసుపత్రికి బయలుదేరే ముందు రోజు కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

కొట్టేసిందా అంటే పూర్తిగా కొట్టెయ్యనూ లేదు. గొడవంతా అక్కడే ఉంది. జనం దగ్గర చందా వసూలు చేసే సెక్షను చెల్లదంది. మిగతా చట్టం నిలుస్తుందో కూలుతుందో ప్రభుత్వాన్నే తేల్చుకోమంది. ప్రభుత్వం పొద్దున పెద్ద బెంచికి వెళ్తానంది, మధ్యాహ్నం కొత్త చట్టం తెస్తానంది, సాయంత్రానికి రెండూ ఆలోచిస్తున్నానంది. ఆసుపత్రి వాళ్లు మాత్రం ఒకటే మాట పట్టుకు కూర్చున్నారు. స్పష్టత వచ్చేదాకా కొత్త ఆపరేషన్లు లేవట.

ఆ స్పష్టత అనే మాట వింటే చాలు, చిట్టికి ఒళ్లు మండుతోంది. అది ఎక్కడ తయారవుతుందో, ఏ బండిలో వస్తుందో ఎవరూ చెప్పరు. అది వచ్చేదాకా గుండెని ఆగమని చెప్పే ఉపాయం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"బావా, లే," అన్నాడు అన్నయ్య.

"లేవను."

"చీకటి పడకముందే చేరాలి. మా మేడమెట్లు ఎక్కడానికి చిట్టికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు."

"తెలుసు కాబట్టే పంపనంటున్నాను."

అన్నయ్య కాగితం మిల్లులో స్టోర్ కీపర్. మిల్లు వాళ్లకి వేరే ప్రైవేటు బీమా ఉంది, దానికి ఈ తీర్పుతో సంబంధం లేదు. ఉద్యోగి భార్యాపిల్లలకి అది వర్తిస్తుంది. భర్తతో విడిపోయి అన్న పంచన చేరిన చెల్లెలికీ వర్తిస్తుంది. ఆ ఒక్క వాక్యం పట్టుకునే పోయిన వారం ఫిట్టరూ చిట్టీ విడిపోతున్నామని కాగితాల మీద సంతకాలు పెట్టారు. అప్పుడు ఫిట్టర్ కిమ్మనలేదు. కాగితమే కదా అనుకున్నాడు. ఇవాళ అన్నయ్య కారు తెచ్చి మనిషిని కూడా తీసుకెళ్తాననేసరికి అడ్డం తిరిగాడు.

బీమా కంపెనీ వాళ్లు వచ్చే రోజున అక్కడికి వచ్చి కూర్చుంటే సరిపోదా అని ఆయన వాదన. వాళ్లు చెప్పి రారని, ఇరుగుపొరుగుని కూడా అడుగుతారని అన్నయ్య నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ప్రభుత్వం ఊరుకోదని, ఇంత పెద్ద చట్టాన్ని గాలికి వదిలెయ్యదని, కొన్నాళ్లు ఓపిక పడితే చాలని ఫిట్టర్ అన్నాడు. ఎన్నాళ్లో చెప్పమని అన్నయ్య అడిగాడు.

"ఊళ్లో పంపులన్నిటికీ వాల్వులు బిగించావు. నీ పెళ్లాం వాల్వు దగ్గరికొచ్చేసరికి ఓపిక పట్టమంటున్నావు," అన్నాడు అన్నయ్య.

"నీ ఎగతాళి నా దగ్గర కాదు."

"ఎగతాళి కాదు బావా. నువ్వెందుకు లేవవో నాకు తెలుసు. చిట్టి ఈ ఇంట్లోంచి బయటికి నడిచిందంటే నీ పానా తప్పని నువ్వు ఒప్పుకున్నట్టు."

చిట్టి కళ్లు మూసుకుంది. ఆ మాట ఇవాళ వస్తుందని ఆమెకి తెలుసు.

ఫిట్టర్ పనిచేసే పంపుల వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే అక్కడ చేతులెత్తరు, చీటీలు వెయ్యరు. పొడుగాటి బల్ల చుట్టూ నిలబడి, ఒప్పుకున్నవాడు నట్లు బిగించే తన పానా తీసి బల్ల మీద పెడతాడు. పెట్టాక వెనక్కి తీసుకోవడం లేదు. వర్క్‌షాపు వాళ్లకి ఎప్పటినుంచో సొంత వైద్యనిధి ఉండేది. పనివాడికైనా, పనివాడి పెళ్లానికైనా ఆపరేషనంటే అదే ఆదుకునేది. కొత్త చట్టం వచ్చినప్పుడు, మన నిధి కూడా దేశం నిధిలో కలిపేద్దాం, ఏ వర్క్‌షాపూ లేనివాళ్లకి కూడా వైద్యం అందుతుంది అని అందరికీ నచ్చజెప్పినవాడు ఫిట్టర్. బల్ల మీద మొదటి పానా ఆయనదే. దాని వెనకే మిగతావన్నీ టకటకా పడ్డాయి. పానా జేబులోంచి తియ్యకుండా బయటికి నడిచినవాడు, అప్పట్లో అక్కడే పనిచేస్తున్న అన్నయ్య ఒక్కడే. అటునుంచి అటే మిల్లులో చేరిపోయాడు.

నిధి తీసుకోవడానికి వచ్చిన ఆఫీసరు మంచివాడే. రేపెప్పుడైనా చట్టానికి ఏమైనా అయితే మీ నిధి మీకు తిరిగి వచ్చేలా షరతు రాసుకోండి అని తనే చెప్పాడట. వీళ్లు నవ్వారట. పానా పెట్టాక షరతు పెట్టడమంటే ఆ వర్క్‌షాపులో తిట్టుతో సమానం. పౌరుషానికి పోయి నోటి దగ్గరి కూడు నేలపాలు చేసుకున్నారు, అంతకన్నా ఏమనాలి.

చిట్టికి ఆ రోజు బాగా గుర్తు. అప్పటికే ఆమెకి ఆయాసం మొదలైంది, వాల్వు సంగతి డాక్టరు చెప్పేశాడు. ఫిట్టర్ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, పని అయిపోయిందన్నాడు. ఏ పని అని ఆమె అడిగింది. అప్పుడు చెప్పాడు. ముందు అడిగి ఉంటే సరే అనేదే. కాని అడగలేదు. మగవాడు, పది మంది పనిలో పడి పెళ్లాం సంగతి మరిచిపోయాడని సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఇప్పటికీ ఆమె గొంతులోంచి పూర్తిగా దిగలేదు.

"మరి మిషనో?" అంది వదిన.

అన్నయ్యతో వచ్చిన వదిన అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అందరూ అటు చూశారు. చిట్టి ఇంట్లో కూర్చుని బస్సు కండక్టర్ల యూనిఫారాలు కుడుతుంది. తొక్కితే ఆయాసం వస్తోందని ఫిట్టరే ఆ మిషనుకి చిన్న మోటారు బిగించాడు.

"పెట్టె ఒక్కటే తెచ్చుకుంటే ఎవరు నమ్ముతారు?" అంది వదిన ఎవరి మొహమూ చూడకుండా. "కుట్టుకుని బతికే మనిషి మొగుణ్ణి వదిలేసి వస్తే ముందు మిషను తెచ్చుకుంటుంది. చీరలు తర్వాత."

అన్నయ్య కిటికీలోంచి కారు వైపు చూస్తున్నాడు. చిట్టి ఊపిరి గదంతా వినిపిస్తోంది.

ఫిట్టర్ మంచం దిగాడు. మూలనున్న మిషను దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. బెల్టు తప్పించాడు. వెనక స్క్రూలు వదులు చేసి, హెడ్డు పైకెత్తి పాత దుప్పట్లో చుట్టాడు. మోటారు విప్పి, దాని వైరు చిక్కుపడకుండా మడత పెట్టి దారంతో కట్టాడు. ఎవరికో పంపు బిగించడానికి వెళ్లినప్పుడు ఎంత పొందిగ్గా చేస్తాడో అంత పొందిగ్గానూ చేశాడు. అంతా కారులో సర్ది, చివరికి మంచం కింది పెట్టె కూడా తనే లాగి తీసుకెళ్లాడు.

వెళ్తున్నానని చిట్టి చెప్పలేదు. వెళ్లమని ఆయనా అనలేదు.

*

అన్నయ్య ఇల్లు మేడ మీద. చిట్టిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మొగుడూ పెళ్లాం మోసుకెళ్లారు. కింది వాటా ఆవిడ తలుపు తీసి చూసి, ఆయన రాలేదేమని అడిగింది. ఆయన సంగతి ఎత్తకండి అని వదిన వీధి చివరికి వినిపించేలా చెప్పింది. చిట్టికి నవ్వొచ్చింది. నవ్వితే ఆయాసమని మానేసింది.

వదిన మనసు మంచిదే. తన గదిని చిట్టికిచ్చి తను హాల్లో పడుకుంటోంది. కాని భయం ఆమెని ఒకచోట నిలవనివ్వడం లేదు. ఇది నాటకమని తేలితే అన్నయ్య ఉద్యోగం ఊడుతుంది, కేసు కూడా పడుతుంది. అందుకని ఫిట్టర్ ఆ ఛాయలకి రాకూడదని గట్టిగా చెప్పింది. అంట్లు తోముతూ తోముతూ ఆగి, చిట్టి దగ్గరికొచ్చి పాఠం అప్పజెప్పించుకుంటోంది. ఎందుకు విడిపోయావని అడిగితే ఏం చెప్పాలి? తాగొచ్చి కొట్టేవాడని చెప్పాలి.

చిట్టి ఎంత ప్రయత్నించినా ఆ వాక్యం నోటికి రావడం లేదు. ఆ మనిషి టీ తప్ప ఇంకేమీ తాగి ఎరగడు. చెయ్యెత్తితే అది బల్బు మార్చడానికే. ఇంకేదైనా కారణం చెబుదామంటే వదిన ఒప్పుకోదు. కొట్టాడంటే ఇక ఎదురు ప్రశ్న ఉండదని ఆమె లెక్క.

ఫిట్టర్ ఫోన్ చేశాడు. మందులు వేసుకున్నావా అన్నాడు. వేసుకున్నానంది. తర్వాత ఆయనా ఫోన్ పెట్టెయ్యలేదు, ఆమె కూడా పెట్టెయ్యలేదు. అవతల కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఊరందరి కుళాయిలూ బాగుచేసే మనిషి, ఇంట్లో కుళాయి కట్టడం మానేశాడంటే ఎలా ఉన్నాడో ఆమెకి అర్థమైంది. వదిన హాల్లోంచి దగ్గాక చిట్టే ఫోన్ పెట్టేసింది.

టీవీలో పెద్దమనుషులు రోజూ చట్టం గురించి వాదించుకుంటున్నారు. ఒకాయన చట్టం చచ్చిందన్నాడు. ఇంకొకాయన కొనఊపిరితో ఉందన్నాడు. వాళ్లకి ఊపిరంటే ఏమిటో తెలియదని చిట్టి అనుకుంది. ఆమె పాదాలు వాచాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా దిళ్లకి ఆనుకుని కూర్చుంటోంది. కంపెనీ మనిషి ఇంకా రాలేదు. వచ్చి చూసి వెళ్తేగాని ఆపరేషనుకి అనుమతి రాదు.

కంపెనీ మనిషికన్నా ముందు ఫిట్టర్ వచ్చాడు.

అన్నయ్య మిల్లుకి వెళ్లిన వేళ చూసి, పనిబట్టల్లోనే, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మేడెక్కి వచ్చాడు. వదిన నెత్తి కొట్టుకుంది.

"అన్నయ్యగారూ, మీకు మతి ఉండే వచ్చారా?"

"ఒక్క మాట చెప్పి వెళ్తాను చెల్లెమ్మా." ఆయన చిట్టి వైపు తిరిగాడు. "పెద్ద బెంచి అప్పీలు తీసుకుంది. తీర్పు మీద స్టే అడిగారు. స్టే వస్తే ఆసుపత్రులు మళ్లీ మొదలుపెడతాయి. ఆపరేషన్ల వరసలో నీ పేరు ఇంకా మన ఇంటి బీమా కార్డు మీదే ఉంది, ముందే ఉంది. మనం విడిపోయినట్టు కంపెనీ వాళ్లు ఖాయం చేశారంటే కార్డులోంచి నీ పేరు తీసేస్తారు. మళ్లీ ఎక్కాలంటే అందరి వెనకా. ఇంటికొచ్చెయ్."

"స్టే ఇచ్చారా?"

"ఇవ్వలేదు. ఇస్తారంటున్నారు."

"ఎవరు?"

"అందరూ."

"అప్పుడూ అందరూ అన్నారు."

ఆయన సంచీ భుజమ్మీంచి దించాడు. మొహం పీక్కుపోయి ఉంది. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. తను ఉంటే ఈపాటికి కుట్టేది కదా అని ఆమెకి అనిపించి, అంతలోనే కోపమొచ్చింది. అన్నం తినడం కూడా మానేసుంటాడు.

"మీరు ఖాయమని చెప్పండి. ఇప్పుడే వస్తాను," అంది.

ఆ క్షణంలో ఆయన అబద్ధం చెప్పినా ఆమె లేచి వెళ్లిపోయేది. దిళ్లకి ఆనుకుని ఒంటరిగా కూర్చుని ఆమెకి ప్రాణం విసిగిపోయింది. చావైనా బతుకైనా తన మంచం మీద, తన గోడల మధ్య ఉంటే చాలనిపిస్తోంది.

ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"ఖాయమని ఎవరూ అనడం లేదు," అన్నాడు చివరికి.

వదిన కిటికీ దగ్గర కాపలా నిలబడింది. ఫిట్టర్ చేతులు ఖాళీగా ఉండలేవు. గది మూల మిషను వైపు చూశాడు. వచ్చిన కొత్తలో అన్నయ్య దాన్ని ఎలాగో బిగించాడుగాని బెల్టు వదులుగా ఉంది, మోటారు ఒక పక్కకి ఒరిగింది. ఇదేం బిగింపు అని గొణుక్కుంటూ సంచీ విప్పి దాని ముందు కూర్చున్నాడు.

"ఎవరో వస్తున్నారు. బ్యాగు చూస్తే కంపెనీ మనిషిలాగే ఉంది," అంది వదిన. ఆమె గొంతు పీలగా వచ్చింది.

వెనకవైపు దారి లేదు. మెట్లు ఒక్కటే. తలుపు చప్పుడైంది.

*

వచ్చినావిడ వయసు మళ్లిన మనిషి. తెల్లజుట్టు, కళ్లజోడు. మెట్లెక్కిన అలుపుతో కాసిన్ని మంచినీళ్లడిగి తాగింది. చిట్టి పాదాల వాపు చూసి అయ్యో అంది. ఆ అయ్యో మాటవరసకి అన్నది కాదు. కర్కోటకురాలైతే బాగుండునని చిట్టికి అనిపించింది, అప్పుడు అబద్ధమాడటం తేలిక.

"ఈయనెవరు?" అందావిడ.

వదిన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చిట్టి నోరు తెరిచింది.

"మిషను రిపేరుకి వచ్చానమ్మా. బెల్టు జారుతోందంటేనూ," అన్నాడు ఫిట్టర్, తల తిప్పకుండా.

ఎంత మామూలుగా అన్నాడో. తెలియనివాళ్ల ఇంటికి పనికి వచ్చినప్పుడు ఆయన గొంతు అలాగే ఉంటుంది. తప్పించుకున్నామని చిట్టి ఊపిరి వదిలింది. తర్వాత గాని ఆమెకి తెలిసిరాలేదు. ఇంటికి రమ్మని వచ్చిన మనిషి ఆ మాటతో తన కార్డునీ, వరసలో ఆమె పేరునీ, పెద్ద బెంచినీ, తన నమ్మకాన్నీ ఒక్కసారే వదిలేసుకున్నాడు. ఆమె ఇక్కడే ఉండాలని తేల్చేశాడు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది.

ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎప్పుడు వచ్చారు, ఖర్చులెవరు చూస్తున్నారు, ఆయన వచ్చి చూస్తుంటాడా. రాడని చిట్టి చెప్పింది. ఆ మాత్రం చెప్పగలిగింది.

"ఎందుకు విడిపోయారమ్మా? కొట్టేవాడా?"

మిషను దగ్గర స్క్రూడ్రైవరు ఆగింది. చిట్టి ఆ వీపు వైపు చూసింది. అది కదల్లేదు. అనెయ్, ఫరవాలేదు అన్నట్టుంది ఆ వీపు. ఆమె అనలేకపోయింది.

చెప్పుకోలేకపోతోందండీ అని వదిన అందుకోబోయింది. ఆవిణ్ణే చెప్పనివ్వండి అని కంపెనీ ఆవిడ మర్యాదగానే ఆపింది. ఆవిడ మొహంలో అనుమానం మెల్లగా చోటు చేసుకుంటోంది.

"కొట్టే మనిషి కాదమ్మా," అన్నాడు ఫిట్టర్.

"మీకు తెలుసా ఆయన?"

"తెలుసు. ఒకే వర్క్‌షాపు."

ఆయన బెల్టుని చక్రానికి తగిలిస్తూ మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

"మాకు సొంత వైద్యనిధి ఉండేది. దాన్ని సర్కారు బీమాలో కలుపుదామని అందర్నీ ఒప్పించాడు. అప్పటికే ఈవిడకి బాగాలేదు. గుండెలో వాల్వు పోయిందని ఆయనకి తెలుసు. ఇంట్లో ఈవిణ్ణి ఒక్కమాట అడగాలా లేదా? అడగలేదు."

"మరిచిపోయాడేమో," అందావిడ.

"మరిచిపోలేదమ్మా. ఆ పొద్దున అడుగుదామనే కూర్చున్నాడు. ఈవిడ టీ తెచ్చిచ్చింది. అడిగితే వద్దంటుందేమో, వద్దంటే ఆగిపోవాల్సొస్తుంది, నలుగురిలో తలెత్తుకోలేను అనుకున్నాడు. టీ తాగి లేచి వెళ్లిపోయాడు. ఎవరో చెప్పిన మాట కాదు, ఆయనే నాతో అన్నాడు. అలాంటివాడితో ఎవరుంటారు?"

ఆయన చక్రాన్ని ఒకసారి తిప్పి చూశాడు.

చిట్టి ఇన్నాళ్లూ మరిచిపోయాడనే అనుకుంది. మరపుని క్షమించి, ఆ క్షమతోనే కాపురం లాక్కొచ్చింది. మరిచిపోలేదట. ఆ టీ ఆమెకి గుర్తుంది. ఆయన గ్లాసు పట్టుకుని ఏదో చెప్పబోయినట్టు చూడటం గుర్తుంది. ఏమిటని ఆమె అడగటం, ఏం లేదని ఆయన అనటం కూడా గుర్తుంది. ఆమె ప్రాణాన్ని ఒక పక్కనా, నలుగురిలో తన మాటని ఒక పక్కనా పెట్టి చూసుకునే లేచాడన్నమాట.

ఇప్పటిదాకా రానని మొరాయించిన మాటలన్నీ ఒక్కసారిగా గొంతుదాకా వచ్చాయి. అవి ఈవిడ ముందు అనే మాటలు కావు.

కంపెనీ ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ మొహంలో అనుమానం పోయింది.

"ఆఖరి ప్రశ్నమ్మా, కోపం తెచ్చుకోకండి. తీర్పు వచ్చిన దగ్గర్నుంచి ఉత్తుత్తి విడాకులు చాలా వస్తున్నాయి. రేపు పెద్ద బెంచి ఆ చట్టాన్ని నిలబెట్టిందనుకోండి. మీ ఆయన వచ్చి రమ్మన్నాడనుకోండి. వెళ్తారా? వెళ్లాలని ఏ మూలన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. ఆపరేషనయ్యాక తేలితే మీ అన్నగారి మీద పడుతుంది."

వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫిట్టర్ చేతిలో స్క్రూ బిగుస్తూనే ఉంది. ఎప్పుడో బిగిసిపోయినా ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"వెళ్లను," అంది చిట్టి.

ఆ మాట అనడానికి చాలా కష్టపడాల్సి వస్తుందనుకుంది. ఏ కష్టమూ లేకుండా, ఆయాసం కూడా లేకుండా వచ్చేసింది.

కంపెనీ ఆవిడ తలూపి, ఏదో రాసుకుని లేచింది. ఇక ఆలస్యం ఉండదని, అనుమతి త్వరలోనే వస్తుందని చిట్టి భుజం తట్టి చెప్పింది. ఆవిడ చెప్పులు తొడుక్కుంటూ ఉండగానే ఫిట్టర్ పనిముట్లు సంచీలో వేసుకుని లేచాడు. రిపేరుకి వచ్చినవాడు ఊరికే వెళ్లకూడదని వదినకి ఆ కంగారులోనూ తోచింది. నోటు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వస్తానమ్మా అని గదిలో అందరికీ కలిపి ఒకే మాట చెప్పి, ఆవిడ వెనకే మెట్లు దిగిపోయాడు.

వదిన తలుపు గడియ పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడింది. కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. గండం గడిచిందని, అన్నయ్యకి ఫోన్ చెయ్యాలని, ఇక ప్రాణానికి భయం లేదని ఏవేవో అంది. తర్వాత చిట్టి మొహం చూసి ఆగిపోయింది.

"నువ్వు ఎంత బాగా అన్నావో. నాకే నిజమనిపించింది," అంది. "పాపం, మీ ఆయన కూడా నిజమే అనుకున్నారేమో. ఆ మొహం చూశావా? ఇంకా సందు దాటి ఉండరు. కిటికీలోంచి పిలిచి ఒక్క మాట చెప్పు."

చిట్టి కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూసింది. ఫిట్టర్ సంచీ భుజం మార్చుకుంటూ సందు చివర నిలబడి ఉన్నాడు. పిలిస్తే వినిపించే దూరమే.

"ఏమని చెప్పను వదినా?" అంది.